ప్రిన్సిపాల్ వద్దంటే అవగాహన కార్యక్రమం ఆపేయాలా?

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. ఒక సీనియర్ మా క్లాస్‌మేట్ వెంటపడుతున్నాడు. బస్టాప్ నుంచి హాస్టల్ గేటు దాకా వస్తాడు, రాత్రిళ్లు మెసేజ్‌లు పెడతాడు. దీని మీద కాలేజీ డేకి నాటకం వేస్తామంటే ‘కాలేజీ పరువు పోతుంది’ అని ప్రిన్సిపాల్ వద్దన్నారు. ఆ అమ్మాయికి కంప్లైంట్ ఇవ్వాలంటే భయం. ఆమె బదులు మేమివ్వొచ్చా?

జవాబు: స్టేజీ ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రిన్సిపాల్ ఇష్టమే కావచ్చు. అవగాహన కల్పించడం మాత్రం ఆయన ఇష్టం కాదు, బాధ్యత. లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ తెచ్చిన 2015 నిబంధనలు కాలేజీలకు ఆ పని అప్పగించాయి. కాబట్టి బతిమాలకండి. ఆ నిబంధనలను గుర్తుచేస్తూ అర్జీ రాసి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర పడిన కాగితాన్ని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

అంతకన్నా ముందు మీ నోటీసు బోర్డు చూడండి. అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు అక్కడ ఉండాలి. ఆ మధ్య ఒక కాలేజీలో మాట్లాడటానికి వెళ్లాను. ఆ కాగితం బస్‌పాస్ నోటీసు కింద ఒక్క పిన్నుకు వేలాడుతోంది. అందులో అధ్యక్షురాలిగా రాసిన మేడమ్ ఎప్పుడో రిటైరయ్యారు! విద్యార్థుల కేసైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులూ కమిటీలో కూర్చోవాలి. ఈ సంగతి పిల్లల్లో చాలామందికి తెలియదు. మీ నాటకం దీని మీదే వేయొచ్చు కదా.

ఆ అమ్మాయి కథ మాత్రం వద్దమ్మా. బస్టాప్, హాస్టల్ గేటు, సీనియర్ కలిపి చూపిస్తే ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు ఆమె ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఫిర్యాదు ఇచ్చినవారి వివరాలు బయటపెట్టకూడదని, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఇంకా ఫిర్యాదు ఇవ్వలేదు కదా అని ముందే బయటపెడితే, రేపు ఆమె కమిటీ గడప ఎక్కుతుందా?

ఇక ఆమె బదులు మీరు ఇవ్వడం. శారీరకంగానో మానసికంగానో ఇవ్వలేని స్థితిలో ఉంటేనే తోటి విద్యార్థులు ఇవ్వొచ్చు. భయం ఒక్కటే చాలదు. పక్కన కూర్చుని రాయించండి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువివ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

పోలీసుల దారి వేరే ఉంది. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. దారిలో అడ్డగిస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు, కోర్టు దగ్గర న్యాయసేవా కమిటీని అడగండి.

ఈ రాత్రికే ఒక పని ఉంది. చిరాకేసి ఆమె ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకముందే తేదీ, టైము, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయించండి.