సేల్స్‌మన్ సెలవులో ఉంటే బీటు ఎవరు చూడాలి?

ప్రశ్న: విజయనగరంలో సబ్బులు, బిస్కెట్ల డిస్ట్రిబ్యూషన్ మాది. నలుగురు సేల్స్‌మన్లు. గజపతినగరం, చీపురుపల్లి వైపు తిరిగే కుర్రాడు కాలి ఆపరేషన్‌కి మూడు వారాలు సెలవడిగాడు. ఆరు బీట్లు (ఒక్కో రోజు వరసగా తిరిగే కొట్లు), మొత్తం దాదాపు 240 కొట్లు. మిగతా ముగ్గురికీ వారమంతా పనే. ఎలా సర్దాలి?

జవాబు: 240 కొట్లకూ మనుషుల్ని తిప్పాలని చూడకండి, ముగ్గురి బీట్లూ చెడతాయి. రెండు నెలల బిల్లులు ముందేసుకుని, సరుకు బాగా ఎత్తేవీ, బాకీ నెల దాటినవీ ఓ 60 కొట్లు ఏరండి. వాటికి మనిషి వెళ్లాల్సిందే. మిగతావాటికి వారానికోసారి ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఆర్డరు రాసుకుంటే సరిపోతుంది. సాలూరు రోడ్డు మీద వెళ్లేవాడికి గజపతినగరం, రాజాం వెళ్లేవాడికి చీపురుపల్లి దారిలోనే తగులుతాయి. ఎవరికైనా రోజుకు ఎనిమిది కొట్లకు మించి అదనంగా తగిలించొద్దు.

తేడాలొచ్చేది వసూళ్ల దగ్గర. కొత్త మనిషి బాకీ అడగ్గానే ‘మీ వాడికి పోయినవారమే ఇచ్చేశాం కదా’ అంటారు. ‘ఎక్స్‌పైరీ ప్యాకెట్లు పట్టుకెళ్లాడు, ఆ 640 తగ్గించండి’ అంటారు. అది నిజమే కావచ్చు, కాదని చెప్పడానికి ఇతని దగ్గర కాగితం ఉండదు. అందుకే సెలవుకి ముందే ఈ 60 కొట్లకూ కొట్టుకో పేజీ రాయించండి: బిల్లు నంబర్లవారీగా బాకీ, చేతిలో ఉన్న చెక్కులు, వెనక్కి తెచ్చిన సరుకు, నోటిమాటగా ఒప్పుకున్న స్కీము (తగ్గింపో, ఫ్రీ సరుకో), యజమాని గల్లా దగ్గరుండే వేళ. ఈ చివరిది చాలామంది రాయరు. పనికుర్రాడు ఒక్కడే ఉన్నప్పుడు వెళ్తే డబ్బు రాదు, ఆ రోజు కూడా వృథా. పాత రశీదు పుస్తకంలో చివరి నంబరు కింద గీత కొట్టి పాతవాడు, కొత్తవాడు ఇద్దరి చేతా సంతకాలు పెట్టించండి. కొత్తవాడికి వేరే పుస్తకం. పెద్ద బాకీల కొట్లకు మాత్రం ఒకట్రెండు రోజులు ఇద్దర్నీ కలిపి పంపాలి.

కంప్యూటర్లో పార్టీలను (కొట్ల ఖాతాలను) శాశ్వతంగా కొత్త పేరు మీదకు మార్చొద్దు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో పాత బిల్లులు కూడా అటే పోయి ఇన్సెంటివ్ గొడవ మొదలవుతుంది. అమ్మకం సెలవులో ఉన్నవాడి టార్గెట్‌లోనే ఉంచి, వెళ్లినవాడికి కొట్టుకింత అని ముందే చెప్పి ఇవ్వండి.

కొట్లవాళ్ల ఫోన్లు ఆఫీసు నంబరుకి మళ్లించండి. ఆపరేషనైన మనిషికి ఆర్డర్ల కాల్స్ వెళ్లకూడదు. తిరిగొచ్చాక ముందు రశీదులు, పేజీలు ఎదురెదురుగా పెట్టి బాకీలు సరిచూడండి. డాక్టరు బండి నడపమనేదాకా ఆఫీసులో కూర్చోబెట్టి, ఆ ఫోన్ ఆర్డర్లే అతనికి అప్పగించండి.