మేడ మీద మొక్కలు: మాగాకే కుండీలోకి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి చూస్తే సగానికి పైగా ఒకటే గోల. మందుల ఎరువులు మానేశాం, ఇంట్లో దొరికేవే వేస్తున్నాం, అయినా మొక్క ఎందుకు ఏడుస్తోంది అని. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు, కొన్నింటికి కాస్త కూర్చోవాలి.

ప్రశ్న: మందార ఒకటి, గులాబీలు రెండు, పన్నెండంగుళాల కుండీల్లో పెంచుతున్నాను. మూడు నెలలుగా అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, టీ పొడి మొదట్లో వేసి పైన మట్టి కప్పుతున్నాను. వీడియోల్లో అలాగే చూపించారు. ఇప్పుడు ఆకులు పసుపు తిరిగి రాలుతున్నాయి, కుండీ చుట్టూ చిన్న దోమల్లాంటివి ఎగురుతున్నాయి. ఇంకా ఏం వేయమంటారు? (ఒక గృహిణి, మురళీనగర్, విశాఖపట్నం)

జవాబు: ఏమీ వేయకండమ్మా. ఒక నెలన్నర ఆ కుండీల జోలికి నీళ్ళ మగ్గుతో తప్ప వెళ్ళకండి.

మీరు వేసినవాటిలో చెడ్డది ఒక్కటీ లేదు, అన్నీ పచ్చివి, అదే గొడవ. వేరుకి నోరు లేదు కదా, అరటి తొక్కని కొరుక్కుని తినలేదు. ముందు ఆ తొక్కని మట్టిలోని సూక్ష్మజీవులు తినాలి, అవి తిని కుళ్ళబెట్టి విడగొట్టాక నీళ్ళలో కరిగేది ఏది మిగులుతుందో అదే వేరు పీల్చుకుంటుంది. ఈ కుళ్ళే పని పెరట్లో ఒక మూల జరిగితే ఎవరికీ ఇబ్బంది లేదు. కుండీలో అయితే వేళ్ళ పక్కనే జరుగుతుంది, అక్కడున్న కాస్త ప్రాణవాయువునీ సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి, పీచు ఎక్కువున్న సరుకైతే మట్టిలో ఉన్న నత్రజని కూడా కొన్నాళ్ళు వాటి కడుపులోకే పోతుంది. మీరేమో అన్నం పెట్టామనుకుంటున్నారు, మొక్క పస్తుంటోంది. ఆ దోమల్లాంటివి తడి కుళ్ళులో గుడ్లు పెట్టే ఈగలు, కుళ్ళు తీసేసి పైమట్టిని ఆరనిస్తే అవే పోతాయి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. కుండీ పైన రెండంగుళాల మట్టి, అందులో సగం కుళ్ళినవాటితో సహా ఎత్తి ఒక పాత బకెట్‌లో వేయండి. బకెట్‌కి అడుగునా పక్కలా చిల్లులు పెట్టాలి. ఇకమీద వంటింటి చెత్త అందులోకే, ఒక వంతు తడి చెత్త పడితే దాని మీద రెండు వంతులు ఎండుటాకులు. ఎండుటాకులు లేవంటారేమో, మీ వీధి ఊడ్చేవాళ్ళని అడగండి, సంతోషంగా బస్తా నింపి ఇస్తారు. మొదట్లో ఒక గ్లాసు పుల్లమజ్జిగ చల్లితే పని త్వరగా మొదలవుతుంది. వారానికోసారి తిరగేయండి, గుప్పెడు తీసి పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టిందంటే ఎండుటాకులు చాల్లేదని. మన ఊరి వేడికి రెండు మూడు నెలల్లో ఏది తొక్కో ఏది ఆకో పోల్చుకోలేనంత నల్లగా, తొలకరి మట్టి వాసనతో తయారవుతుంది. అప్పుడు నెలకి కుండీకి రెండు గుప్పిళ్ళు, చాలు.

గుడ్డు పెంకుల సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ళ పాటు నలిపి వేసిన పెంకులు, మా కరివేపాకు కుండీ తిరగేసినప్పుడు, నేను నలిపిన సైజులోనే బయటపడ్డాయి! లోపలి పొర ఒక్కటే పోయింది. పెంకు అంటే దాదాపు సుద్దే, నీళ్ళలో కరగదు. వేయాలనుంటే మిక్సీలో మెత్తగా పొడి చేసి కంపోస్టులో కలపండి. అరటి తొక్క నానబెట్టిన నీళ్ళకి పూలు విరగబూస్తాయన్న మాట మాత్రం నేను నమ్మను. తొక్కలో పొటాష్ ఉన్నమాట నిజమే, అందులో కొంత నీళ్ళలోకి దిగుతుంది కూడా, మిగతాది మొక్కకి అందాలంటే తొక్క మాగాలి. టీ పొడి పాలూ పంచదారా వేసి మరిగించిందైతే కడిగి మరీ వేయండి, లేకపోతే చీమలకి పండగ.

ప్రశ్న: మాది పెదజాలారిపేట దగ్గర. వారంలో నాలుగు రోజులు ఇంట్లో చేపలే. తలలు, పేగులు మొక్కల మొదట్లో పాతితే బాగా కాస్తాయని మా అమ్మమ్మ అనేది. కుండీల్లో పాతాను, రాత్రికి రాత్రే పిల్లులు అన్నీ తవ్వి పోశాయి. వేరే దారి ఉందా అండీ?

జవాబు: అమ్మమ్మ మాట అబద్ధం కాదు, కాకపోతే ఆవిడ ఏ కొబ్బరి చెట్టు మొదట్లోనో, రెండడుగులు తవ్వి పాతించి ఉంటారు. కుండీలో ఆ లోతు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీకు సరిపోయేది ఫిష్ అమైనో యాసిడ్. పేరు చూసి కంగారు పడకండి, చేపని బెల్లంలో ఊరబెట్టడమే, ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు ఎప్పటినుంచో వాడుతున్నారు.

కిలో చేప వ్యర్థాలకి కిలో బెల్లం. ఇందులో పిసినారితనం పనికిరాదు, బెల్లం తగ్గితే ఊరడం మానేసి కుళ్ళిపోతుంది. అనకాపల్లి పక్కనే ఉన్నాం కాబట్టి రంగు తక్కువ బెల్లం చవగ్గా దొరుకుతుంది, దీనికి అదే మంచిది. వ్యర్థాలు ఉప్పూ పసుపూ తగలకముందే తీసి పెట్టుకోండి, చిన్న ముక్కలు చేసి, బెల్లం తురుముతో కలిపి ప్లాస్టిక్ డబ్బాలో మూడింట రెండు వంతులే నింపండి. నీళ్ళు పోయొద్దు. మూత వదులుగా పెట్టి పైన గుడ్డ కట్టాలి. గట్టిగా బిగిస్తే లోపల గ్యాస్ పట్టి ఏదో ఒకరోజు మూత లేచి గోడంతా చేపల పులుసవుతుంది. నీడలో మూడు వారాల నుంచి నెల ఉంచితే తేనె రంగు ద్రావణం తేలుతుంది, వడకట్టుకోండి. సరిగ్గా వచ్చినదానికి పండు పులిసిన వాసన ఉంటుంది, ముక్కు మూసుకోవాల్సి వచ్చిందంటే చెడిపోయినట్టే.

లీటరు నీళ్ళకి రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, మొక్క తట్టుకుంటే ఐదు దాకా వెళ్ళొచ్చు, పదిహేను రోజులకోసారి సాయంత్రం పూట చల్లండి. ఇది ముఖ్యంగా నత్రజని, అంటే ఆకు కోసం. తోటకూర, గోంగూర, ఎదిగే వయసులో ఉన్న వంగ, మిరప బాగా అందుకుంటాయి. పూల కుండీలకి తరచూ కొడితే ఆకే వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో పచ్చిచేప తగ్గుతుంది, మార్చిలోనే ఒక డబ్బా పెట్టేసుకోండి. ఎండుచేప వ్యర్థాలు మాత్రం ఏ రూపంలోనూ వద్దు, అదంతా ఉప్పే.

ప్రశ్న: బియ్యం కడిగిన నీళ్ళు పోయొచ్చా? (గాజువాక)

జవాబు: నిక్షేపంగా. ఆ రోజువి ఆ రోజే పోసేయండి. ఉప్పేసిన గంజి వద్దు. అయితే దాంతో ఎరువు వేసినట్టే అనుకోకండి, అది నీళ్ళు పోయడం, అంతే.

ప్రశ్న: అడవివరం వైపు ఒక పశువుల పాక నుంచి రెండు బస్తాల పేడ తెచ్చి మట్టిలో సగానికి సగం కలిపి టమాటా, వంగ నాటాను. పది రోజుల్లో సగం మొక్కలు మాడిపోయాయి. కుండీ తవ్వితే బొటనవేలంత తెల్ల పురుగులు. జీవామృతం పోస్తే బాగుపడుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: మీరు తెచ్చింది పేడ, మీకు కావాల్సింది గత్తం, అంటే బాగా మాగిన పేడ ఎరువు. పచ్చి పేడ మాగేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది, లేత వేళ్ళు ఆ రెండిటికీ తట్టుకోలేవు. చివికిన గత్తం గుప్పెడు తీసి నలిపితే పొడిపొడిగా రాలుతుంది, చేతికి చల్లగా తగులుతుంది, పేడ వాసన ఉండదు. మిగిలిన పేడని ఒక మూల నీడలో కుప్ప పోసి అప్పుడప్పుడు తడుపుతూ మూడు నాలుగు నెలలు ఉంచండి. ఆ తర్వాత కూడా సగానికి సగం అక్కర్లేదు, ఎర్రమట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, గత్తం ఒక వంతు, పైన ఒక గుప్పెడు వేపపిండి.

పురుగులు పెంటకుప్పల్లో పెరిగేవే, పేడతో పాటు మీ ఇంటికొచ్చాయి. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు పిల్లలు కూడా అలాంటి చోటే ఉంటాయి, కాబట్టి వదిలేయకండి. కుండీలు ఒక పట్టా మీద కుమ్మరించి పురుగులు ఏరేయండి. పొద్దున్న పూట చేస్తే ఏరే పని సగం గోరింకలే చేసి పెడతాయి.

ఇక జీవామృతం. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ వాడుకలోకి తెచ్చిన లెక్క 200 లీటర్ల నీళ్ళకి పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. అది పొలానికి. మేడ మీదకి పది లీటర్ల బకెట్ చాలు: అరకిలో పేడ, పావు లీటరు నుంచి అర లీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, మందులు కొట్టని చోట చెట్టు కింది మట్టి ఒక చిటికెడు. నీడలో పెట్టి, రోజుకి రెండుసార్లు కర్రతో కలుపుతూ రెండు రోజులు ఉంచి, పదింతల నీళ్ళు కలిపి పోయండి, వారంలోపు వాడేయండి. ఇందులో సరుకు తక్కువ, సూక్ష్మజీవులు ఎక్కువ. ఇది తోడు లాంటిది. మట్టిలో గత్తమో కంపోస్టో ఉంటే దాన్ని పనిలో పెడుతుంది, పాలు లేకుండా ఖాళీ గిన్నెలో మజ్జిగ చుక్క వేసి పెరుగు కోసం చూస్తే ఏం లాభం? మీ మాడిపోయిన మొక్కలని మాత్రం ఇది లేపలేదు, కొత్త నారు తెచ్చుకోండి.

ప్రశ్న: వేపపిండి, ఆముదం పిండి, వేరుశనగ చెక్క, మూడింట్లో ఏది మంచిది? ఇంట్లో కుక్కపిల్ల ఉంది. (సీతమ్మధార)

జవాబు: కుక్కపిల్ల ఉందని రాసి మంచి పని చేశారు. ఆముదం పిండి గేటు దాటి లోపలికి రాకూడదు. అందులో రైసిన్ అనే విషం ఉంటుంది, వాసనకి కుక్కలు కుండీ తవ్వి తింటాయి, ప్రాణం మీదకొస్తుంది. ఎముకల పొడి విషం కాదు గానీ దానికోసం కూడా తవ్వుతాయి. మీకు వేపపిండి, చేదు కాబట్టి కుక్క సాధారణంగా ముట్టదు. నత్రజని ఐదు శాతం దాకా ఉంటుంది, వేరు దగ్గరి పురుగుల్ని కొంత అదుపులో పెడుతుంది. పన్నెండంగుళాల కుండీకి నెలన్నరకోసారి ఒక చిన్న గుప్పెడు, మట్టిలో కలిపి నీళ్ళు పోయాలి.

వేరుశనగ చెక్క ఇంకా బలం, నత్రజని ఏడు శాతం వరకూ. పొడిగా వేస్తే బూజు, చీమలు, కాబట్టి వంద గ్రాములు లీటరు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, దాన్ని పది లీటర్లు చేసి పోస్తారు. మూడు రోజులు అంటే మూడే. నేను ఒకసారి నానబెట్టి ఊరికి వెళ్ళి ఎనిమిదో రోజు వచ్చాను. కింది వాటాలో ఆయన ఎలుక చచ్చిందనుకుని అటక మీద సామాను మొత్తం దించేసి, ఇంకా దొరకలేదే అని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. బకెట్ నా మేడ మీదుందని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు, ఈ పత్రిక వాళ్ళింటికి రాదని ధైర్యం.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు బాల్కనీ. ఏ ఎరువు వేసినా ఆకుల అంచులు మాడుతున్నాయి, కుండీ అంచున తెల్లగా పేరుకుంటోంది. ఎరువు తక్కువైందా?

జవాబు: ఎరువు కాదండీ, ఉప్పు. గాలితో వచ్చేది కొంత, బోరు నీళ్ళతో వచ్చేది కొంత. ఇంకా ఎరువు వేస్తే అందులోని లవణాలు కూడా దీనికి తోడవుతాయి. కుండీ కింద ప్లేటు తీసేసి, మంచినీళ్ళు అడుగు నుంచి బాగా కారేదాకా పోయండి, ఒక గంటాగి మళ్ళీ పోయండి. ఆకుల మీద వారానికి రెండుసార్లు మంచినీళ్ళు చల్లి కడగండి. వాన పడితే కుండీలని లోపలికి లాగకండి, ఉప్పు కడిగేది అదే. ఆ వాన వెలిశాకే కంపోస్టు వేయండి. అల్పపీడనం ఉన్న వారంలో వేస్తే కింద చిల్లుల్లోంచి గోధుమరంగు నీళ్ళయి పక్కింటి బాల్కనీలోకి పోయేది మీ డబ్బులే.

ప్రశ్న: మల్లె తీగ గుబురుగా ఉంది, నెలనెలా ఎరువు వేస్తున్నా మొగ్గ లేదు.

జవాబు: నెలనెలా వేస్తున్నారు కాబట్టే లేదేమో. డిసెంబర్ నుంచి ఎరువు ఆపేసి, నీళ్ళు బాగా తగ్గించండి, ఆకు వాడి కొంత రాలాలి. జనవరిలో మోకాలెత్తుకి కత్తిరించి, పైమట్టి గీరి, రెండు గుప్పిళ్ళ గత్తం, ఒక గుప్పెడు ఎముకల పొడి వేసి అప్పుడు నీళ్ళు మొదలుపెట్టండి. మార్చి నెలాఖరుకి మొగ్గ కనపడకపోతే మళ్ళీ రాయండి. ఈసారి ఆ కుండీ మీద ఎండ ఎన్ని గంటలు పడుతుందో కూడా రాయండి, అది ఎవరూ రాయరు.