ప్లే స్టోర్‌కి వెళ్లగానే లాగిన్ ఆగిపోయింది... ఇది రెజ్యూమెలో రాసుకునే పనేనా?

ప్రశ్న: గుంటూరులో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మిర్చి యార్డు ధరలు చూపించే యాప్‌ను ఫ్లటర్‌లో (గూగుల్ వారి యాప్ తయారీ సాధనం) చేశాను. గూగుల్, ఫేస్‌బుక్ లాగిన్, వాట్సాప్ షేరింగ్ పెట్టాను. నా ఫోన్‌లో అన్నీ పనిచేస్తున్నాయి. ప్లే స్టోర్ టెస్టింగ్ లింకు నుంచి వేసుకున్న స్నేహితులకు మాత్రం లాగిన్ కావడం లేదు. లాగిన్, షేరింగ్ లాంటివి రెజ్యూమెలో రాసుకోదగ్గ పనులేనా? సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి మూడు నెలల కోర్సు చేయమని నాన్నగారు అంటున్నారు. వెళ్లాలా?
– ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ‘గూగుల్ లాగిన్ పెట్టాను’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. యూట్యూబ్ చూస్తూ ఆ బటన్ ఎవరైనా పెట్టేస్తారు. మీ స్నేహితుల ఫోన్లలో అది ఎందుకు ఆగిందో పట్టుకుని సరిచేస్తే మాత్రం నిక్షేపంగా రాసుకోవచ్చు. కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు లాగిన్.

గూగుల్ మీ యాప్‌ను రెండు ఆనవాళ్లతో గుర్తుపడుతుంది. ఒకటి ప్యాకేజీ పేరు, రెండోది యాప్‌పై సంతకం చేసిన సర్టిఫికెట్ తాలూకు షా-1 ఫింగర్‌ప్రింట్, అంటే ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరస. ల్యాప్‌టాప్ నుంచి నేరుగా ఫోన్‌లోకి ఎక్కించినప్పుడు యాప్ మీద డీబగ్ కీ (పరీక్షల కోసం ల్యాప్‌టాప్‌లోనే తయారయ్యేది) సంతకం ఉంటుంది. ప్లే కన్సోల్‌కు (యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టే డెవలపర్ల సైటు) మీరు పంపే బండిల్ (యాప్ ఫైలు) మీద అప్‌లోడ్ కీ సంతకం ఉంటుంది. ప్లే స్టోర్ దాన్ని పక్కనపెట్టి, తన దగ్గరున్న యాప్ సైనింగ్ కీతో మళ్లీ సంతకం చేసి జనానికి ఇస్తుంది. అంటే ఒకే యాప్‌కు మూడు షా-1లు. లాగిన్ లాంటి సేవలిచ్చే గూగుల్ వేదిక ఫైర్‌బేస్‌లో మీరు డీబగ్ షా-1 ఒక్కటే ఇచ్చి ఉంటారు. అందుకే మీ ఫోన్‌కు తలుపు తెరుచుకుంది, స్నేహితులకు తెరుచుకోలేదు.

ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీ తెరవండి. అక్కడ రెండు సర్టిఫికెట్లు కనిపిస్తాయి. యాప్ సైనింగ్ కీ కింద ఉన్న షా-1, షా-256 (అలాంటిదే, ఇంకా పొడవైన ఫింగర్‌ప్రింట్) రెండూ కాపీ చేసి ఫైర్‌బేస్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో మీ ఆండ్రాయిడ్ యాప్ కింద చేర్చండి. అప్‌లోడ్ కీవి కూడా చేర్చండి, లేకపోతే రిలీజ్ ఏపీకేని (ఫోన్‌లో నేరుగా వేసుకునే యాప్ ఫైలు) చేత్తో ఇన్‌స్టాల్ చేసి చూసినప్పుడు మళ్లీ ఇదే తంతు. తర్వాత ఫైర్‌బేస్ నుంచి గూగుల్-సర్వీసెస్ ఫైలును (యాప్‌ను ఆ ప్రాజెక్టుతో కలిపే వివరాలు ఉండేది) కొత్తగా దించుకుని పాతదాని స్థానంలో పెట్టండి. ప్రాజెక్టులో ఇద్దరు ముగ్గురు ఉంటే ఇంకో మెలిక ఉంది. డీబగ్ కీ ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక్కోటి తయారవుతుంది కాబట్టి ఎవరి షా-1 వాళ్లది చేర్చాలి.

అప్పటికీ కాకపోతే క్లయింట్ ఐడీ (లాగిన్ కోసం గూగుల్ మీ యాప్‌కు ఇచ్చే గుర్తింపు) చూడండి. సర్వర్ క్లయింట్ ఐడీ అడిగిన చోట ‘వెబ్’ రకం ఐడీ ఇవ్వాలి. ఆండ్రాయిడ్ రకం ఐడీ పెట్టేసి గంటలు గంటలు తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. పాత లైబ్రరీలో ఈ పొరపాట్లన్నిటికీ లాగ్‌లో ‘10’ అనే ఎర్రర్ కోడ్ వచ్చేది. ఇప్పుడు వాడాల్సింది ఆండ్రాయిడ్ కొత్త లాగిన్ లైబ్రరీ క్రెడెన్షియల్ మేనేజర్. దీంతో ఖాతా ఎంచుకున్నాక కూడా, వాడుతున్న మనిషే రద్దు చేసుకున్నట్టు ఎర్రర్ కనిపించవచ్చు. ఆ మాట నమ్మి కోడ్ అంతా తిరగరాయకండి, ముందు కన్సోల్ సెట్టింగులు చూడండి. పాత గూగుల్ సైన్-ఇన్ లైబ్రరీని గూగుల్ పక్కకు తప్పించింది కనుక, ట్యుటోరియల్ తేదీ చూడకుండా కోడ్ ఎత్తుకోవద్దు.

ఫేస్‌బుక్ లాగిన్ కూడా మీ ఖాతాతో తప్ప ఇంకెవరికీ కాకపోవచ్చు. డెవలప్‌మెంట్ మోడ్‌లో ఉన్న యాప్‌లోకి అందులో అడ్మిన్, డెవలపర్, టెస్టర్‌గా చేర్చినవాళ్లే రాగలరు. లైవ్ చేయాలంటే ప్రైవసీ పాలసీ లింకు, డేటా తొలగించుకునే దారి చూపించాలి. ఇక్కడా సంతకం గొడవ ఉంది. ఫేస్‌బుక్ అడిగే కీ హ్యాష్ అదే షా-1, కాకపోతే బేస్-64 రూపంలో (అదే విలువను వేరే అక్షరాల్లో రాసే పద్ధతి). ప్లే కన్సోల్‌లో కోలన్లతో కనిపించే అంకెల్ని అలాగే అతికిస్తే తీసుకోదు. ఇంకోటి, ఫోన్ నంబరుతో ఫేస్‌బుక్ ఖాతా తెరిచినవాళ్లకు ఈమెయిల్ రాదు. ఈమెయిల్ తప్పకుండా ఉంటుందనుకుని రాసిన కోడ్ అక్కడ కూలబడుతుంది. నన్నడిగితే మిర్చి ధరల యాప్‌కు ఫేస్‌బుక్ లాగిన్ దండగ, తీసేయండి. అసలు ధర చూడటానికి లాగిన్ దేనికి? తేజ రకం మిర్చి ధర ఇంత దాటితే కబురు చెప్పమని రైతు అలర్ట్ పెట్టుకునేటప్పుడు అడగండి చాలు. ఇంటర్వ్యూలో ఈ నిర్ణయం గురించి చెప్పగలిగితే అది కోడ్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు అసలు తవ్వేది సర్వర్ వైపు. చాలా కాలేజీ ప్రాజెక్టుల్లో గూగుల్ లాగిన్ కాగానే యాప్ ఈమెయిల్‌ను సర్వర్‌కు పంపుతుంది, సర్వర్ దాన్ని నమ్మి లోపలికి రానిస్తుంది. పోస్ట్‌మన్ (సర్వర్‌కు నేరుగా అభ్యర్థనలు పంపే సాధనం) తెరిచి మీ ఈమెయిల్ టైప్ చేసిన ప్రతివాడూ అప్పుడు మీరే అయిపోతాడు. పంపాల్సింది ఐడీ టోకెన్, అంటే ఈ మనిషి ఫలానా అని గూగుల్ సంతకం చేసి ఇచ్చే చీటీ. సర్వర్ దాని సంతకం గూగుల్‌దేనా, ఆడియన్స్ గడిలో (టోకెన్ ఎవరి కోసమో చెప్పే చోటు) మీ వెబ్ క్లయింట్ ఐడీయే ఉందా, జారీ చేసింది గూగులేనా, గడువు తీరిందా అని చూడాలి. ఆ టోకెన్ గడువు ఒక గంటే. ఆ తర్వాత మీ సొంత సెషన్ నడవాలి. డేటాబేస్‌లో మనిషిని గుర్తుపట్టడానికి టోకెన్‌లోని ‘సబ్’ విలువ వాడండి. ఈమెయిల్ మారొచ్చు, అది మారదు. ఫైర్‌బేస్ ఆథెంటికేషన్ వాడితే టోకెన్ జారీ చేసేది ఫైర్‌బేస్, ఆడియన్స్‌లో మీ ప్రాజెక్ట్ ఐడీ ఉంటుంది. ఫైర్‌బేస్ సర్వర్ లైబ్రరీ అడ్మిన్ ఎస్‌డీకే ఒక్క ఫంక్షన్‌తో తనిఖీ చేసి పెడుతుంది. అయినా లోపల ఏం చూస్తుందో తెలుసుకుని వెళ్లండి, ఆ ప్రశ్న వస్తుంది. యాప్‌లో క్లయింట్ సీక్రెట్ (సర్వర్‌కు మాత్రమే తెలియాల్సిన రహస్యం) ఎందుకు పెట్టకూడదు, పీకేసీఈ (లాగిన్ మధ్యలో వచ్చే కోడ్‌ను ఎవరైనా కొట్టేసినా పనికిరాకుండా చేసే పద్ధతి) దేనికి, లాగిన్ పేజీని వెబ్‌వ్యూలో (యాప్ లోపలే తెరుచుకునే బ్రౌజర్) తెరిస్తే గూగుల్ ఎందుకు ఒప్పుకోదు అన్నవీ వస్తాయి. చివరిదానికి జవాబు తేలిక. వెబ్‌వ్యూ ఆ యాప్ చేతిలో ఉంటుంది కాబట్టి టైప్ చేసే పాస్‌వర్డ్‌ను అది చూడగలదు.

లాగౌట్‌నూ ఒకసారి పరీక్షించండి. ఫైర్‌బేస్ నుంచి మాత్రమే సైన్ అవుట్ చేయించి గూగుల్ సైన్-ఇన్‌ను వదిలేస్తే, మళ్లీ బటన్ నొక్కినప్పుడు ఖాతా ఎంచుకోమని అడగకుండా పాత ఖాతాతోనే లోపలికి వెళ్లిపోయే వీలుంది. ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ ఉన్న చోట ఇది పెద్ద తలనొప్పి.

షేరింగ్‌ను అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మీ యాప్‌కు మాత్రం ప్రాణం అదే, ఎందుకంటే ధరలు తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లో. వాట్సాప్ లింకుతో పంపుతున్నారా? ‘తేజ ధర & నేటి టిక్కీలు’ అని పంపి చూడండి. ఎన్‌కోడ్ చేయకపోతే, అంటే లింకుకు సరిపడే రూపంలోకి మార్చకపోతే, ‘తేజ ధర’ దగ్గరే తెగిపోతుంది, ఎందుకంటే లింకులో & గుర్తు అంటే తర్వాతి గడి మొదలైనట్టు. ఫ్లటర్ భాష డార్ట్‌లో ఎన్‌కోడ్ కాంపోనెంట్ వాడితే సరి, తెలుగు అక్షరాలూ క్షేమంగా చేరతాయి. నేరుగా వాట్సాప్‌నే తెరిచేలా రాస్తే, అది లేని ఫోన్‌లో ఏం కావాలో కూడా రాయాలి. వ్యాపారులు వాడే వాట్సాప్ బిజినెస్‌ది వేరే ప్యాకేజీ పేరు. ఆండ్రాయిడ్ 11 నుంచి మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు రాసే ఫైలు) క్వెరీస్ కింద ఆ పేర్లు రాయకపోతే, ఫోన్‌లో వాట్సాప్ ఉన్నా మీ యాప్‌కు కనిపించదు. ఈ బాదరబందీ లేకుండా ఫోన్ షేర్ షీట్ (దేని ద్వారా పంపాలో అడిగే జాబితా) తెరిచి, ఎవరికి పంపుకోవాలో వాళ్లకే వదిలేయడం నయం.

ధరల పట్టికను బొమ్మగా పంపాలంటే ఫైలును క్యాష్ ఫోల్డర్‌లో రాసి ఫైల్ ప్రొవైడర్ (వేరే యాప్‌కు ఆ ఫైలు చదివే అనుమతి ఇచ్చే ఆండ్రాయిడ్ భాగం) ద్వారా ఇవ్వాలి. ఫైలు దారిని నేరుగా ఇస్తే ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్ క్రాష్ అవుతుంది. ఫ్లటర్‌లో షేర్ ప్లస్ ప్యాకేజీ ఈ పని చూసుకుంటుంది, కానీ ఎందుకో అడిగితే చెప్పగలగాలి. ఇక బొమ్మను సర్వర్‌లో పైథాన్ బొమ్మల లైబ్రరీ పిల్లోతో తయారుచేస్తే ఒత్తులు విడిపోయి ‘మిర్చి’ చూడటానికే భయం వేసేలా వస్తుంది. పిల్లో మామూలు లేఅవుట్‌కు తెలుగు గుణింతాలు, ఒత్తులు కలపడం రాదు, దానికి అక్షరాలను కలిపి కూర్చే రాక్మ్ లైబ్రరీ తోడుండాలి. ఫ్లటర్‌లోనే విడ్జెట్‌ను (తెరపై కనిపించే భాగం) రీపెయింట్ బౌండరీతో బొమ్మగా మార్చుకుంటే ఆ బెడద ఉండదు.

లింకు పంపితే కింద బొమ్మ, శీర్షిక రావాలంటే ఆ పేజీ హెచ్‌టీఎంఎల్‌లో ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (ఆ బొమ్మ, శీర్షిక ఏవో చెప్పేవి) సర్వర్ నుంచే రావాలి. వాట్సాప్ ప్రివ్యూ కోసం జావాస్క్రిప్ట్ నడిచేదాకా ఆగదు కనుక ఫ్లటర్ వెబ్ పేజీ ఖాళీగానే కనిపిస్తుంది. లింకు నొక్కితే యాప్ తెరుచుకోవాలంటే యాప్ లింక్స్ వాడండి. దానికోసం మీ వెబ్‌సైట్‌లో పెట్టే అసెట్‌లింక్స్ ఫైలులోనూ ప్లే స్టోర్ సంతకం షా-256 ఉండాలి. ఇదే పనికి ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ నేర్పే పాఠాలు ఇంకా కనిపిస్తాయి కానీ, ఆ సేవ 2025 ఆగస్టు 25న మూతపడింది. ‘పది మందికి షేర్ చేస్తే బహుమతి’ లాంటివీ పెట్టకండి. నిజంగా పంపారో లేదో షేర్ షీట్ నమ్మకంగా చెప్పదు.

ఐఫోన్ ఇప్పుడొద్దు. ఏటా 99 డాలర్లు, ఒక మ్యాక్ కావాలి. ఒక్కటి మాత్రం తెలుసుకోండి: గూగుల్ లాగిన్ పెట్టిన యాప్‌లో యాపిల్ లాగిన్ గానీ, గోప్యతలో దానికి సమానమైనది గానీ ఉండాలని యాప్ స్టోర్ నియమం 4.8. వాడేవాళ్ల పేరును యాపిల్ ఇచ్చేది మొదటిసారి మాత్రమే, అప్పుడు దాచుకోకపోతే అంతే.

ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు కట్టారు కదా, దాన్ని పూర్తిగా వాడుకోండి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో ఉంటేనే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఇద్దరు ఎక్కువే పోగేయండి, మధ్యలో ఒకరు తప్పుకున్నా ఇబ్బంది ఉండదు. ఖాతా తెరిచే వీలుంటే దాన్ని యాప్‌లోంచీ, వెబ్ లింకు నుంచీ తొలగించుకునే వీలూ ఉండాలి. డేటా సేఫ్టీ ఫారంలో పేరు, ఈమెయిల్ తీసుకుంటున్నట్టు రాయండి. అంతకు మించి ఏదీ అడగకండి.

ఇక కోర్సు. మీ చేతిలో ఉన్న పనికి హైదరాబాద్ అక్కర్లేదు. ఆ మూడు నెలల్లో ఈ యాప్‌ను పూర్తి విడుదల దాకా తీసుకెళ్లండి, ఆండ్రాయిడ్ యాప్‌ల భాష కోట్లిన్ మౌలికాంశాలు చూసుకోండి, సర్వర్ ముక్కను మీరే రాయండి. నాన్నగారికి ఒకమాట చెప్పండి: పెద్ద సర్వీస్ కంపెనీల క్యాంపస్ పరీక్షలో దీని గురించి ఒక్క ప్రశ్నా రాదు, అక్కడ ఆప్టిట్యూడ్, కోడింగే. రోజూ గంటన్నర దానికి తీసిపెడితే ఆయన బెంగ సగం తీరుతుంది. లాగిన్ల మీదే ప్రత్యేకంగా ఫ్రెషర్ ఉద్యోగాలు వెతకొద్దు. ఇది మొబైల్ డెవలపర్ పనిలో ఒక భాగం. సర్వర్ వైపు నచ్చితే మాత్రం ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్ (ఎవరు దేనిలోకి రావచ్చో చూసే పని) అనే మంచి దారి ఉంది. ఓఐడీసీ, సామ్ల్ (లాగిన్ ప్రమాణాలు), కీక్లోక్ (లాగిన్ సర్వర్ సాఫ్ట్‌వేర్) అక్కడ మొదటి మెట్లు.

రెజ్యూమెలో ఇలా రాయండి: ‘గూగుల్ సైన్-ఇన్, సర్వర్‌లో ఐడీ టోకెన్ తనిఖీ, ఖాతా తొలగింపు, తెలుగు ధరల కార్డుల షేరింగ్ - ప్లే స్టోర్‌లో ఉంది’. పక్కన లింకు ఇవ్వండి. గిట్‌హబ్‌లో కోడ్ పెట్టేముందు కీస్టోర్ ఫైలు (సంతకం చేసే కీ ఉండేది), దాని పాస్‌వర్డ్ అందులో లేవని చూసుకోండి. గూగుల్-సర్వీసెస్ ఫైలు రహస్యం కాదు, కీస్టోర్ రహస్యం. విజయవాడ, మంగళగిరి, గన్నవరం వైపు యాప్‌లు చేసే చిన్న సంస్థలకు ఇంటర్న్‌షిప్ కోసం రాసేటప్పుడు సర్టిఫికెట్ల జాబితా జతచేయకండి. ఆ లింకు, స్నేహితుల ఫోన్లలో లాగిన్ ఎందుకు ఆగిందో, ఎలా సరిచేశారో చెప్పే నాలుగు వాక్యాలు పంపండి.