మీది స్వార్థం కాదు చెల్లెమ్మా

చెల్లెమ్మా, పర్లాఖెముండి నుంచి మీరు రాసింది చదివాను. కుట్టుపనిలో వచ్చిన డబ్బులు దాచుకుని శ్రీకాకుళం వెళ్లి కళ్లు చూపించుకుంటానంటే అత్తగారు స్వార్థమన్నారని, అది నిజమేమోనని మీకు నిద్ర పట్టడం లేదని రాశారు.

కానే కాదు. స్వార్థమూ, తనను తాను ప్రేమించుకోవడమూ ఒకటి కావని, రెండూ పరస్పర విరుద్ధమని ఎరిక్ ఫ్రామ్ అనే మనోవిశ్లేషకుడు 1939లోనే రాశాడు. స్వార్థపరుడికి తనమీద తనకు ప్రేమ చాలదు, అందుకే ఎంత దొరికినా ఆబ తీరదు. మీరెవరి నోటి దగ్గరిది లాక్కున్నారు?

నాకు అసలు భయం రెండోవైపు ఉంది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినడం, సూదిలోకి దారం ఎక్కక పాపను పిలిచి "నేనెందుకూ పనికిరాను" అనుకోవడం... ఇది త్యాగం కాదమ్మా. స్వీయ కరుణ (కష్టంలో తనమీద తాను దయ చూపుకోవడం) మీద పరిశోధించిన క్రిస్టిన్ నెఫ్ 2003లో దానికి మూడు వ్యతిరేకాలు చెప్పారు: తనను తాను తిట్టుకోవడం, ఈ కష్టం నా ఒక్కదానికే అనుకోవడం, బాధలోనే కూరుకుపోవడం. మీరు రాసిన దాంట్లో మూడూ ఉన్నాయి. చదువుతుంటే దిగులేసింది.

ఈసారి "పనికిరాను" అన్న మాట నోటిదాకా వస్తే, మీ అక్కకే చూపు మందగిస్తే ఏమని ధైర్యం చెబుతారో అదే మీకు మీరు చెప్పుకోండి. అత్తగారితో వాదించొద్దు. చూపు బాగుంటే నాలుగు జాకెట్లు ఎక్కువ కుడతానని నచ్చజెప్పనూ వద్దు. కళ్లు మీవి, ఆ కారణం చాలు. "సోమవారం వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తానత్తయ్యా" అని నెమ్మదిగా చెప్పి, పొద్దున్నే బస్సెక్కండి.