నూటికి నాలుగు పైసల వడ్డీ

ఆర్థికం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంటికోసం 30 లక్షలు, 20 ఏళ్ల గడువుకు, 8.5 శాతం ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీకి తీసుకున్నాం. జపాన్‌లో పనిచేసిన మా తమ్ముడు అక్కడ అర శాతానికే ఇంటి లోను ఇచ్చేవారంటున్నాడు. మనకెందుకింత వడ్డీ?
— ఉపాధ్యాయిని, భవానీ నగర్, తిరుపతి

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే. మన లెక్కలో అది నెలకు నూటికి నాలుగు పైసలు, మీది 71 పైసలు. కానీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టేముందు ఆ డబ్బు విలువ ఏటా ఎంత కరుగుతోందో చూడాలి. జపాన్‌లో ఇంచుమించు ముప్ఫై ఏళ్లు ధరలు కదల్లేదు. వాటిని కదిలించడానికే బ్యాంక్ ఆఫ్ జపాన్ 2016లో తన రేటును మైనస్ 0.1 శాతానికి దించింది. సున్నా పైకి వచ్చింది 2024 మార్చిలోనే. మన రిజర్వు బ్యాంకు లక్ష్యమేమో 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ 2 శాతం సడలింపుతో. ఏటా 4 శాతం పెరిగితే ఇవాళ 100 రూపాయల సరుకు పదేళ్లకు 148 అవుతుంది. జీతం కూడా ఆ వెంటే పెరిగితే కంతు బరువు ఏటేటా తగ్గుతుంది. జపాన్ ఉద్యోగికి ఇన్నాళ్లూ ఆ వెసులుబాటు లేదు. మీ 8.5లోంచి 4 తీసేయండి, మిగిలిన 4.5 మీకు నిజంగా పడే వడ్డీ. అప్పటికీ ఎక్కువే, కాదనను. డిపాజిటర్లకు 6, 7 శాతం ఇచ్చి తెచ్చిన డబ్బునే బ్యాంకు మీకిస్తోంది మరి.

పోనీ తక్కువ వడ్డీ ఉన్న దేశపు కరెన్సీలోనే అప్పు చేస్తే? హంగరీలో లక్షల కుటుంబాలు ఆ పనే చేశాయి. 2008కి ముందు స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి లోన్లు తీసుకున్నారు. అప్పట్లో ఫ్రాంకు సుమారు 160 ఫోరింట్లు (హంగరీ కరెన్సీ). 2014లో ప్రభుత్వం చట్టం చేసి ఆ లోన్లను ఫోరింట్లలోకి మార్పించేసరికి లెక్కగట్టిన రేటు 256. జీతం ఫోరింట్లలో, అప్పు ఫ్రాంకుల్లో. వడ్డీలో మిగిలిందంతా మారకంలో పోయింది, అసలు కూడా పెరిగింది.

మీ చేతిలో ఉన్న పని వేరే ఉంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 4 నుంచి 6.5కు ఎక్కింది. 2025లో నాలుగు విడతల్లో 5.25కు దిగింది. ఆ తగ్గుదల మీకు అందిందా? 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ ఇంటి లోన్లు బయటి రేటుకు, ఎక్కువగా రెపోకు, ముడిపడి ఉంటాయి. మూడు నెలలకొకసారైనా రేటు సవరించాలి. అంతకుముందు తీసుకున్నది ఎంసీఎల్ఆర్‌లోనే (బ్యాంకు తన సొంత ఖర్చును బట్టి లెక్కగట్టే రేటు) ఉండిపోయి ఉంటే మార్చమని రాతపూర్వకంగా అడగండి. ఆ మార్పు ఖర్చెంతో ముందే తెలుసుకోండి. రేటు మారినప్పుడు కంతు మార్చాలా, గడువు మార్చాలా అన్నది మిమ్మల్ని అడగాలి. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. మీ 30 లక్షలకు 8.5 మీద కంతు 26,035 రూపాయలు. మొదట్లోనే రేటు 7.5 అయిందనుకుందాం. కంతు 24,168కి తగ్గించుకుంటే నెలకు 1,867 మిగులుతుంది. పాత కంతే కడుతూపోతే దాదాపు 205 నెలల్లో అప్పు తీరుతుంది, కంతు తగ్గించుకున్నదానికన్నా మొత్తం మీద సుమారు 4.8 లక్షలు ఆదా. ఇల్లు గడుస్తున్నంతవరకు కంతు తగ్గించుకోకండి.

ప్రశ్న: రిజర్వు బ్యాంకు వడ్డీ రేటును ఒక్కసారిగా రెండు, మూడు శాతానికి దించేస్తే వ్యాపారాలు బాగుపడవా?
— కిరాణా వ్యాపారి, చిత్తూరు

జవాబు: టర్కీ చూడండి. ధరలు పెరుగుతుండగానే 2021 సెప్టెంబరులో 19 శాతం ఉన్న రేటును దించుకుంటూపోయి 2023 ఫిబ్రవరికి 8.5 చేశారు. లీరా కుప్పకూలింది. 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. చివరికి 2024 మార్చిలో రేటు 50 శాతానికి ఎక్కించాల్సొచ్చింది. మీ కొట్లో వంటనూనె చాలావరకు దిగుమతి సరుకే. రూపాయి అలా పడితే మొదటి దెబ్బ మీ గల్లాపెట్టెకే.

ప్రశ్న: తోతాపురి పల్ప్ ఎగుమతి చేస్తాం. కాయ డబ్బు సీజన్‌లోనే రైతుకు ఇవ్వాలి, డాలర్లు ఆరు నెలలకు గానీ రావు. ఫార్వర్డ్ (రాబోయే డాలర్లను ఇప్పుడే ఖాయం చేసిన రేటుకు బ్యాంకుకు అమ్మే ఒప్పందం) బుక్ చేసుకోవాలా, రూపాయి పడేదాకా ఆగాలా?
— పల్ప్ ఫ్యాక్టరీ నిర్వాహకుడు, చిత్తూరు

జవాబు: హంగరీ వాళ్లను ముంచిన వడ్డీ తేడా మీకు కలిసొస్తుంది. మన వడ్డీ అమెరికా వడ్డీకన్నా ఎక్కువ కాబట్టి ఫార్వర్డ్‌లో డాలరు నేటి రేటుకన్నా పై ధర పలుకుతుంది. లెక్క సులువుకు డాలరు 90 రూపాయలు, వడ్డీ తేడా ఏడాదికి 2 శాతం అనుకోండి. ఆరు నెలలకు 1 శాతం, అంటే 90.90. లక్ష డాలర్ల ఇన్‌వాయిస్ మీద 90 వేలు అదనం, అందులోంచి బ్యాంకు మార్జిన్ పోతుంది. ఈ అదనం (ప్రీమియం) ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2023 జూలైలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ రేటు 5.25–5.50కు చేరినప్పుడు మన రెపో 6.5. తేడా సన్నగిల్లి ప్రీమియమూ సన్నగిల్లింది.

ఖరారైన ఆర్డర్లకే బుక్ చేయండి, అదీ మొత్తానికి కాదు, సగానికో మూడింట రెండొంతులకో. ఒకే తేదీకి కాకుండా నెల రోజుల విండో, అంటే ఆ నెలలో ఏ రోజైనా డాలర్లు ఇచ్చే వీలు, అడగండి. కొనుగోలుదారు డబ్బు ఆలస్యం చేసి కాంట్రాక్టు రద్దు చేసుకోవాల్సి వస్తే, ఆ రోజు డాలరు 93 ఉంటే, 90.90తో తేడా డాలరుకు 2.10 మీరే కట్టాలి. లక్ష డాలర్లకు 2.10 లక్షలు.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు పంపేముందే ఎగుమతిదారుకు బ్యాంకు ఇచ్చే అప్పు) డాలర్లలో తీసుకుని ఉంటే, ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి కాయ కొన్నరోజే మీ మారకం రేటు ఖాయమైపోయింది. ఎగుమతి డబ్బు వచ్చాక ఆ అప్పుకే జమవుతుంది. ఆ ఇన్‌వాయిస్‌కే మళ్లీ ఫార్వర్డ్ బుక్ చేస్తే గడువునాటికి ఇవ్వడానికి మీ దగ్గర డాలర్లు ఉండవు. బుక్ చేసేముందు ఏ ఇన్‌వాయిస్ దేనికి కట్టుబడి ఉందో ఒక కాగితం మీద రాసి, బ్యాంకు ఫారెక్స్ అధికారితో సరిచూసుకోండి.