పాత సామానుతో పిల్లల బొమ్మలు: మీ ప్రశ్నలకు మా జవాబులు

వేసవి సెలవుల్లో ఇంట్లోని పాత సామానుతో పిల్లలకు బొమ్మలు చేయడం గురించి చాలామంది పాఠకులు రాశారు. అందరికీ విడివిడిగా జవాబివ్వడానికి చోటు చాలదు కనుక ఎక్కువమందికి పనికివచ్చే ప్రశ్నలను ఎంచుకున్నాం. ఒక మనవి: ఇకపై రాసేవారు బిడ్డ వయసు తప్పక తెలపండి. ఏడేళ్ల పిల్లవాడికి మంచి ఆటవస్తువైనదే ఏడాది బిడ్డ చేతిలో ప్రాణాపాయం కావచ్చు. వయసు తెలియకుండా ఇచ్చే సలహాకు విలువ లేదు.

మా అబ్బాయికి ఏడేళ్లు. అట్టపెట్టెకు నీళ్ల సీసాల మూతలను గుండుసూదులతో గుచ్చి, చక్రాలుగా పెట్టి కారు చేశాం. తోస్తే చక్రాలు తిరగకుండా కారు ఈడ్చుకుపోతోంది. వాడు ఏడుస్తున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

లోపమంతా చక్రాన్ని నిలిపిన పద్ధతిలో ఉంది. ఎడ్లబండికి ఇరుసు కదలదు, చక్రమే దాని మీద తిరుగుతుంది. రైలు పెట్టెకు చక్రాలు ఇరుసుకు బిగిసి ఉంటాయి, ఇరుసు కూడా వాటితోపాటు తిరుగుతుంది. మీరు చేసినది ఎడ్లబండి పద్ధతి. బండిచక్రానికి మధ్యలో లావుపాటి కుంభం ఉంటుంది కాబట్టి అది ఇరుసు మీద నిటారుగా నిలుస్తుంది. సీసా మూత పలుచన కాబట్టి సూది మీద ఒక పక్కకు ఒరిగి అట్టకు రాసుకుంటుంది. పైగా అట్ట మెత్తన, సూది గుచ్చిన కన్నం ఆడినకొద్దీ పెద్దదవుతుంది. మూతల చక్రాలకు రైలు పద్ధతే సరైనది.

ఇందుకు కావలసినవి సిరా అయిపోయిన రెండు బాల్‌పెన్నుల్లో ఉన్నాయి. రీఫిల్ ఇరుసుగాను, పెన్ను గొట్టం ఆ ఇరుసు తిరిగే తొడుగుగాను పనికివస్తాయి. రీఫిల్ మొనను పీకి పారేయండి. పెన్ను గొట్టాన్ని పెట్టె వెడల్పు కంటే కొద్దిగా పొడవుగా కోసి, పెట్టె అడుగున అడ్డంగా టేపుతో గట్టిగా అంటించండి. గొట్టం ఇరుపక్కలా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉంటే మూత పెట్టెకు తగలదు. రీఫిల్‌ను గొట్టంలో దూర్చి రెండు చివరలా మూతలు బిగించాలి. మూతకు పెట్టే కన్నం రీఫిల్ మందం కంటే రవ్వంత చిన్నదిగా ఉంటేనే పట్టు చిక్కుతుంది. కాల్చిన మేకుతో కన్నం పెట్టడం, గొట్టం కోయడం మీరే చేయాలి. కన్నం ఎక్కడ పెట్టాలో మాత్రం అబ్బాయిని కనుక్కోనివ్వండి: మూతను కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, ఆ గుండ్రటి ముక్కను కత్తిరించి, సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి విప్పితే, మడతలు కలిసిన చోటు మధ్యభాగం అవుతుంది. ఇది తప్పితే కారు కుంటుతూ నడుస్తుంది.

నున్నటి టైల్స్ మీద మూతలు జారుతుంటే ఒక్కో మూతకు రబ్బరుబ్యాండు చుట్టండి. కారు ఒక పక్కకే తిరిగిపోతుంటే ఇరుసులు రెండూ సమాంతరంగా లేవని అర్థం. అప్పుడు మీరు చేయి పెట్టకండి. స్కేలు ఇచ్చి, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం ఎంతుందో రెండు పక్కలా కొలవమనండి. తేడా తానే పట్టుకున్న పిల్లవాడు ఆ కారును అంత తొందరగా మూలన పడేయడు.

కాగితం గుజ్జుతో బొమ్మల కొలువుకు ఏనుగులు, గుర్రాలు చేస్తున్నాను. ఆరేసరికి పగుళ్లు, ఆరాక కొన్నింటికి బూజు, పురుగు. మైలతుత్తం కలిపితే పురుగు పట్టదని ఒకరు చెప్పారు. కలపవచ్చా? బొమ్మలు మా పిల్లలే ఆడుకుంటారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

ముందుగా మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) సంగతి. వద్దు, చిటికెడు కూడా వద్దు. పుస్తకాలు బైండు చేసేవారు మైదా బంకలో దాన్ని కలుపుతారన్నది నిజమే, కానీ అది విషం. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకోకపోయినా, పట్టుకున్న చేతులతో అన్నం తింటారు. ఆ నీలి గడ్డలు రంగురాళ్లలా కనిపిస్తాయి కనుక ఇంట్లో పిల్లలకు అందేచోట ఉంచుకోవడం కూడా మంచిది కాదు.

మీ మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే, లోపలి తడి. గుజ్జును ముద్దగా చేసి ఏనుగు ఒళ్లంతా దానితోనే పోస్తే పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడిగానే ఉంటుంది. తరువాత లోపలిది ఆరుతూ కుంచించుకుంటుంటే పైన పగుళ్లు తప్పవు. ఆరకుండా మిగిలిన తడికే బూజు వస్తుంది. కాబట్టి ఏనుగు ఒంటికి పొడి న్యూస్‌పేపరును ఉండచుట్టి దారంతో బిగించి, కాళ్లకు అట్టను గొట్టాలుగా చుట్టి అంటించి, ఆ ఆకారం మీద గుజ్జును అర సెంటీమీటరుకు మించకుండా పూయండి. ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతే మరొకటి. మొదటి రోజు నీడలో, తరువాత ఎండలో పెట్టండి. వరంగల్ ఎండకు తడి బొమ్మను నేరుగా పెడితే పైపొర గంటల్లో బిగుసుకుని అదే పగులు మళ్లీ వస్తుంది.

గుజ్జు కోసం మన ఇళ్లలో వెదురు చేటలకు, బుట్టలకు పూత పూసే పాత పద్ధతినే పాటించండి. కాగితాన్ని చిన్న ముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వేసి పిండాలి. విడిగా నానబెట్టి రుబ్బిన మెంతుల ముద్దను అందులో కలిపితే జిగురు వస్తుంది. పిండిన గుజ్జు నాలుగు గిన్నెలైతే మెంతి ముద్ద ఒక గిన్నె సరిపోతుంది. వారపత్రికల అట్టలవంటి నున్నటి కాగితం సరిగా నానదు, దాన్ని పక్కన పెట్టండి. కోడిగుడ్ల అట్టలు చాలా తేలికగా నానుతాయి, ఎందుకంటే అవి కాగితం గుజ్జుతోనే తయారవుతాయి. అయితే గుడ్డు పగిలి మరకలు పడినవి వాడకూడదు. చివరిపూత మీద తెల్లకాగితపు ముక్కలను అంటిస్తే అచ్చుసిరా పిల్లల చేతులకు తగలదు, రంగు కూడా బాగా పట్టుతుంది.

గోడలకు వేయగా మిగిలిన పాత ఎనామెల్ రంగు డబ్బా అటక మీద ఉంది. బొమ్మలకు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

వేయకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందటి ఎనామెల్ డబ్బాలో సీసం ఎంత ఉందో చూసి చెప్పలేం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పిల్లలు బడిలో వాడే నీటిరంగులు చాలు. పసుపు, బీట్‌రూట్ రసం కూడా కాగితం మీద అందంగా పట్టుతాయి. ఎండకు వెలిసిపోతాయి, మళ్లీ వేసుకోవచ్చు.

మా మనవరాలికి పద్నాలుగు నెలలు. కోడలు ఉద్యోగానికి వెళ్తే పాపను నేనే చూసుకుంటాను. సీసాలో బియ్యం, పూసలు పోసి గిలకలు చేసి ఇవ్వాలనుకుంటున్నాను.
– ఒక నాయనమ్మ, ఒంగోలు

అమ్మా, మీ ఆలోచన మంచిదే, కానీ ఆ గిలక ఈ వయసుకు వద్దు. సీసా మూత ఊడినా, సీసా పగిలినా పూసలు నేరుగా నోట్లోకి వెళ్తాయి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టాన్ని వాడతారు. బొమ్మగాని, దాని నుంచి ఊడిన ముక్కగాని ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ చిన్నపిల్లలకు పనికిరాదని లెక్క. నీళ్ల సీసా మూత సుమారు 30 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే అది కూడా ఇమిడిపోతుంది. దుకాణంలో అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. ఇంట్లో చేసిన బొమ్మను పరీక్షించవలసింది మీరే కనుక ఈ కొలత గుర్తుంచుకోండి.

పాపకు మీ పాత నూలుచీర చాలు. చీరను చేతివెడల్పు పట్టీలుగా చింపి, ఒకదానిమీద ఒకటి బిగించి చుట్టి, కొబ్బరికాయంత బంతి చేసి, పైన మరో గుడ్డముక్క వేసి దగ్గర దగ్గరగా కుట్టండి. చివరగా కుట్టును రెండు చేతులా లాగి చూడండి. పలుమార్లు ఉతికిన నూలుగుడ్డ మెత్తగా ఉంటుంది, పాప చప్పరించినా మళ్లీ ఉతికి ఆరేయవచ్చు. గుడ్డబొమ్మ చేస్తే కళ్లకు గుండీలు పెట్టకండి, దారంతో కుట్టండి. లాగే బొమ్మకు జానెడు కంటే పొడవైన తాడు కట్టకండి. చప్పుడు కావాలంటే రెండు స్టీలు గిన్నెలు, ఒక చెక్క గరిటె ఇచ్చి దగ్గర కూర్చోండి. ఈ వయసుకు అంతకంటే మంచి వాయిద్యం అక్కరలేదు.

ఇంకొక్క మాట. పాడైన రిమోట్లు, పాటలు పాడే గ్రీటింగు కార్డులు పాపకు ఆడుకోవడానికి ఇవ్వకండి. వాటిలో కొన్నింటిలో ఉండే గుండీలాంటి చిన్న బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగినట్లు అనుమానం వస్తే చాలు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మా పాప నాలుగో తరగతి. పనికిరాని వస్తువులతో ఏదైనా చేసి తెమ్మని బడిలో అడిగారు. మిగతా తల్లిదండ్రులు థర్మకోల్, మెరుపు కాగితాలు కొని గొప్ప నమూనాలు చేసి పంపుతున్నారు. మాది వెలవెలబోతుందని పాప బెంగ.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

పనికిరాని వస్తువులతో చేయమన్న పనికి కొత్త సామాను కొనడం మొదలుపెడితే, బొమ్మ పూర్తయ్యేసరికి ఇంట్లో చెత్త పెరుగుతుందే కానీ తగ్గదు. అలంకరణకు థర్మకోల్ వాడకాన్ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు కూడా. ఈ విషయం ఉపాధ్యాయులతో మర్యాదగా మాట్లాడండి. పెద్దలు చేసిన నమూనాలకు మార్కులు వేయడం వల్ల సొంతంగా చేసిన పిల్లలు నొచ్చుకుంటారని చెప్పండి. చెప్పవలసిన మాటే అది.

పాపకు ఒక సూచన. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ ప్రాంతానికి వెళ్లి, అక్కడి పల్లె బడులలో నడుస్తున్న సైన్సు కార్యక్రమంలో పనిచేశారు. అక్కడ ఆయన అగ్గిపుల్లలను సైకిల్ వాల్‌ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు కట్టించే పద్ధతిని రూపొందించారు. చెత్తనుంచి బొమ్మలు చేయించడంలోనే జీవితాన్ని గడిపిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. మీరు చేయవలసినది ఇంతే: అగ్గిపుల్లల మందు తలలను మీరే తీసేయండి, వాల్‌ట్యూబును రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కకు రెండు చివరలా పుల్లలు దూర్చి పాప నాలుగు పుల్లల చతురస్రం, మూడు పుల్లల త్రిభుజం కట్టాలి. చతురస్రాన్ని మూలలో నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం ఎంత నొక్కినా ఒరగదు. చతురస్రానికి ఎదురుమూలలు కలిపేలా ఒక ఐమూల పుల్ల పెడితే అదీ ఒరగడం మానేస్తుంది. వంతెనలకు, సెల్‌ఫోన్ టవర్లకు అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పాప తరగతిలో తన మాటల్లో చెప్పగలిగితే, పక్కన ఎంత మెరిసే నమూనా ఉన్నా వెలవెలబోయే పని లేదు.

పత్తిచేలో వాడిన పురుగుమందు డబ్బాలు చాలా ఉన్నాయి. బాగా కడిగి, చక్రాలు పెట్టి పిల్లలకు బండి చేయవచ్చా?
– ఒక రైతు, బాపట్ల జిల్లా

చేయకూడదు. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా పిల్లల చేతికి రాకూడదు, ఇంట్లో మరే వాడకానికీ రాకూడదు. కడిగిన వెంటనే ఎవరూ మళ్లీ వాడలేకుండా కన్నాలు పొడిచేయండి. ఫినాయిలు, యాసిడ్, దోమల మందు సీసాలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

బండికి మీ ఊళ్లో డబ్బాలు ఎందుకండీ? ముంజలు తినేశాక మిగిలే తాటికాయలు రెండు, ఒకే సైజువి ఏరండి. జానెడున్నర గట్టి పుల్లను ఇరుసుగా చేసి రెండు చివరలా కాయల నడిమికి గుచ్చండి. చివర పంగ ఉన్న పొడుగాటి కర్రను ఆ ఇరుసు మీద ఆనించి తోస్తే బండి పరుగెడుతుంది. పంగ మరీ వెడల్పైతే ఇరుసు జారిపోతుంది, మరీ ఇరుకైతే పట్టేస్తుంది. ఇరుసు కంటే కాస్త వెడల్పుగా ఉన్న పంగను చూసి కోయండి. ఎండిన కాయలు కుంచించుకుని ఇరుసు వదులవుతుంది కనుక అప్పుడు కొత్త కాయలు మార్చుకోమనండి.