రెండో ఏడు ఒకటి వదిలేయాలనిపిస్తుంది, వదలకు

చిట్టీ,

నీకు ఇంగ్లండ్‌లో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది, ఆ సంతోషం చెప్పీ చెప్పకముందే "అరబిక్, హీబ్రూ చదివి ఏం చేస్తుందే ఇది, అంతా నీ వల్లే" అని నామీద పడింది. అక్కకి నేను సర్దిచెప్పుకుంటాలే. కాలేజీ వాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి నీకు చెప్పాలి.

లిపి గురించి టెన్షన్ పడకు, రెండూ కుడి నుంచి ఎడమకి రాస్తారు, అంతే. అరబిక్‌లో 28 అక్షరాలు, హీబ్రూలో 22, మన గుణింతాలూ వత్తులూ నేర్చినదానికి అవెంత. హీబ్రూలో చేతిరాత అచ్చు అక్షరాలకు వేరుగా ఉంటుంది, అది మొదటి వారంలోనే పట్టుకో. అసలు తంటా హ్రస్వ అచ్చులు రాయకపోవడం. క, త, బ అని మూడు హల్లులే కనిపిస్తాయి, అది రాశాడనే కతబనా, పుస్తకాలనే కుతుబా అని వాక్యాన్ని బట్టి నువ్వే తేల్చుకోవాలి. మక్తబా అంటే లైబ్రరీ, కానీ హన్స్ వేర్ అనే అరబిక్ నిఘంటువులో దాన్ని 'మ' దగ్గర వెతికితే దొరకదు, క-త-బ ధాతువు కింద ఉంటుంది. నేను నెలరోజులు ఆ నిఘంటువునే తప్పుపట్టాను. అందుకే ధాతువుకో పేజీ పెట్టి, ఒక పక్క అరబిక్, ఇంకో పక్క హీబ్రూ రాసుకుంటూ పో. అక్కడ కతబ, ఇక్కడ కతవ్. లహ్మ్ అంటే అరబిక్‌లో మాంసం, దానికి చుట్టమైన లెహెమ్ హీబ్రూలో రొట్టె. ఇలాంటివి పక్కపక్కన చూస్తే ఇక మర్చిపోవు.

మనకి ముందే వచ్చిన అరబిక్ కూడా కొంత ఉంది, అసలు, నకలు, హాజరు, ఖైదీ, జిల్లా, వసూలు, ఇవన్నీ ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చినవే. కాకపోతే అర్థాలు జరిగాయి. 2006లో సిరియాలోని డమాస్కస్ ఎయిర్‌పోర్టులో 'వుసూల్' అన్న బోర్డు చదవగలిగి పొంగిపోయి, ఇక్కడేదో డబ్బు కట్టాలి కాబోలని పర్సు తీశాను. అది దిగే ప్రయాణికుల దారి!

మాట్లాడే భాష వాయిదా వేయకు. క్లాసులో చెప్పేది ఫుస్‌హా, పత్రికల భాష, వార్తల భాష. దాంతో బజారుకెళ్తే గ్రాంథికంలో వంకాయలు బేరమాడినట్టుంటుంది. నేను వ్యాకరణం పూర్తయ్యాక మాట్లాడదాంలే అనుకున్నాను, ఏం కావాలని దుకాణదారు "షూ బిద్దిక్" అన్నప్పుడు మొహం తేలేశాను, నాకు తెలిసిందల్లా "మాదా తురీదీన్". మీ వాళ్లు మూడో ఏడు అమ్మాన్ పంపుతారుగా, 2011లో సిరియా యుద్ధం మొదలయ్యాక చాలా కాలేజీలు విద్యార్థుల్ని అక్కడికే మళ్లించాయి. కాబట్టి ఇప్పట్నుంచే జోర్డాన్ వైపు మాండలికం ఒక్కటే పట్టుకో, మధ్యలో ఈజిప్టు సీరియళ్లు చూసి కలగాపులగం చేసుకోకు.

ఇప్పుడు అసలు విషయం. రెండో ఏడు రెండిటి బరువూ ఒకేసారి మీద పడుతుంది, ఒకటి వదిలేస్తే ఊపిరాడుతుంది అనిపిస్తుంది. నేను హీబ్రూ వదిలేశాను. తర్వాత ఎంఏలో కేంబ్రిడ్జి లైబ్రరీకి వెళ్లాను, అక్కడ పాత కైరోలోని ఒక యూదుల ప్రార్థనా మందిరం నుంచి తెచ్చిన కాగితాలున్నాయి. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదని వాళ్లు శతాబ్దాలుగా ఒక గదిలో వేస్తూ వచ్చారట, గెనీజా అంటారు. సాలమన్ షెక్టర్ అనే కేంబ్రిడ్జి పండితుడు 1896-97లో వాటిని తీసుకొచ్చాడు, లక్షా తొంభై వేలకు పైగా ముక్కలు. వాటిలో మన మంగళూరు తీరంలో వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యిజు అనే ఆయన ఉత్తరాలు కూడా ఉన్నాయి, పన్నెండో శతాబ్దం నాటివి. ఆ ఉత్తరాల్లో చాలావాటి భాష అరబిక్, లిపి మాత్రం హీబ్రూ! వింటే అర్థమయ్యే మాటలు కళ్లముందున్నా చదవలేక కూర్చున్నాను. ఆ శతాబ్దపు గొప్ప యూదు తత్వవేత్త మైమోనిదీస్ అంతటివాడు కూడా తన తత్వ గ్రంథం అలాగే రాశాడు, ఆయన తమ్ముడు వ్యాపారానికని వస్తూ మన హిందూ మహాసముద్రంలోనే మునిగిపోయాడు. ముప్ఫై ఏళ్లొచ్చాక పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని ఉల్పాన్ అనే హీబ్రూ నేర్పే క్లాసులో మళ్లీ మొదలుపెట్టాను, వయసూ డబ్బూ రెండూ పోయాయి. నువ్వు మార్కులు తగ్గితే తగ్గనీ, పట్టుకుని ఉండు.

ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవలో నువ్వు ఎవరి వైపని అందరూ అడుగుతారు, తోటి పిల్లలూ, టాక్సీ వాళ్లూ. అభిప్రాయం ఉండొద్దనను, కానీ వచ్చీరాని భాషలో వాళ్లింట్లో కూర్చుని వాదించకు, నీకది వార్త, వాళ్లకి ఇంట్లో పోయిన మనిషి. రెండు వైపుల పేపర్లూ వాళ్ల భాషల్లోనే చదివే దాకా వింటూ ఉండు.

లెబనాన్ చూడాలని ఉంటే ఇజ్రాయెల్ కంటే ముందే చూసెయ్, ఇజ్రాయెల్ వెళ్లొచ్చిన ఆనవాలు పాస్‌పోర్టులో కనిపిస్తే బేరూత్‌లో రానివ్వరు.

గీతల్లేని నోటుబుక్కులు మూడు కొరియర్ చేశాను. పేరు మన లెక్కన చివరి అట్ట మీద రాసుకో, నువ్వు మొదలుపెట్టేది అటు నుంచే.

పిన్ని